రొయ్య పేగులో కాపురం ఎవరిది?

పొద్దున్నే చెక్‌ట్రే పైకి లాగిన రైతు ముందు మేత ఎంత మిగిలిందో చూస్తాడు. తర్వాత ట్రేలో ఎగురుతున్న రొయ్యల్లో ఒకదాన్ని పట్టి వెలుతురుకు ఎదురుగా పెడతాడు. వనామీ రకం రొయ్య ఒళ్లు పారదర్శకం. తల వెనక నుంచి తోక దాకా వీపు వెంబడి సాగే పేగు బయటికే కనిపిస్తుంది. అది ముదురు గోధుమ రంగులో, ఎక్కడా తెగకుండా ఉంటే చెరువు బాగున్నట్టే. మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తే మేత విషయంలో ఆలోచించాలి. పేగు పాలిపోయి, గాలివాటున గట్టు వారకు తెల్లటి పోగులు కొట్టుకొచ్చాయంటే మాత్రం ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు ఎవరిని కదిపినా ఇలాంటి ముచ్చట ఒకటి వినిపిస్తుంది. పక్కపక్కనే రెండు చెరువులు. ఒకే హేచరీ సీడ్, ఒకే రోజు వదిలారు. అదే కాలువ నీరు, అదే కంపెనీ మేత, అదే టెక్నీషియన్. ఒకటి నాలుగో నెలలో మంచి కౌంటుకు పట్టుబడికి వచ్చింది. రెండోది యాభై రోజులు తిరగకుండానే తెల్ల పెంట వేసి, ఎదుగుదల ఆగిపోయి, గిట్టుబాటు కాని సైజులోనే ఖాళీ అయింది. సీడ్ మంచిది కాదంటారు, మేతలో తేడా ఉందంటారు, వాన దెబ్బ అంటారు, చివరికి దిష్టి అంటారు. సీడూ మేతా వానా రెండింటికీ ఒకటే కదా అంటే ఎవరూ పలకరు.

ఈ చిక్కుకు పూర్తి జవాబు కాకపోయినా, పెద్ద భాగం ఆ పేగులోనే ఉంది. అందులో కాపురముంటున్న బాక్టీరియాలో ఉంది. గత పదిహేనేళ్లుగా థాయ్‌లాండ్, చైనా, మెక్సికో శాస్త్రవేత్తలు రొయ్య పేగుల్లో ఏ బాక్టీరియా ఎంతెంత ఉన్నాయో లెక్క తీస్తున్నారు. సముద్రంలో పట్టిన రొయ్యనూ చెరువులో పెంచిన రొయ్యనూ, ఆరోగ్యంగా ఉన్నదాన్నీ జబ్బుపడ్డదాన్నీ పోల్చి చూశారు. వాళ్లకు తెలిసిన సంగతులు మనం చెరువులో చేసే కొన్ని పనుల్ని మళ్లీ ఆలోచించుకోమంటున్నాయి.

మనం తీసి పారేసే ఆ నల్ల గీత

వంటకు ముందు రొయ్య వీపు చీల్చి తీసే నల్ల గీత నరం కాదు, పేగు. రొయ్య నోటి వెనకే జీర్ణకోశం ఉంటుంది, అందులో మేతను నూరే పళ్లుంటాయి. అక్కడ మెత్తగా నలిగింది పక్కనే ఉన్న హెపటోపాంక్రియాస్‌లోకి పోతుంది. మన ఒంట్లో కాలేయం చేసే పనీ క్లోమం చేసే పనీ రొయ్యకు ఈ ఒక్క అవయవమే చేసిపెడుతుంది. మిగిలింది పేగులోకి దిగుతుంది. మేత మొత్తం ప్రయాణం కొద్ది గంటల్లోనే ముగుస్తుంది.

ఈ గొట్టం కట్టుబడిలో ఒక విశేషం ఉంది. ముందు భాగానికీ చివరి భాగానికీ లోపల పెంకు పదార్థంతోనే పూత ఉంటుంది. మధ్య పేగుకు ఆ పూత లేదు. దానికి బదులు మేత చుట్టూ ఒక పల్చటి పొర తయారవుతుంది, విసర్జన కూడా ఆ పొరలోనే చుట్టుకుని పోగులుగా బయటికొస్తుంది. అంటే మధ్య పేగు గోడకూ రోగకారక క్రిములకూ మధ్య ఉన్న అడ్డు అంతంత మాత్రమే.

రొయ్య కుబుసం విడిచినప్పుడు ఒంటి మీది పెంకుతో పాటు పేగు ముందు, వెనక భాగాల్లోని పూత కూడా ఊడిపోతుంది. దాన్ని అంటిపెట్టుకున్న బాక్టీరియా కూడా పోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్యలు కుబుసం విడుస్తాయని రైతులు ఆ రోజుల్లో మేత తగ్గిస్తారు, ఆక్సిజన్ మీద ఓ కన్నేసి ఉంచుతారు. ఆ రోజుల్లోనే పేగులో చోటు ఖాళీ అవుతుందనీ, దాన్ని నింపేది అప్పుడు నీళ్లలో, అడుగు మట్టిలో ఎవరుంటే వాళ్లేననీ చాలామంది ఆలోచించరు.

ఇంకో సంగతి. రొయ్య రక్తంలో మనకున్నట్టు యాంటీబాడీలు తయారు కావు. ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని రెండోసారి దాని మీద గురిచూసి దాడి చేసే ఏర్పాటు మనకున్న రూపంలో దానికి లేదు. పిల్లలకు వేసినట్టు రొయ్యకు టీకాలు వేయలేకపోవడానికి కారణం ఇదే. అందుకే పేగులో ఎవరున్నారన్నది దానికి మనకన్నా పెద్ద విషయం. అక్కడ స్థిరపడ్డ బాక్టీరియా చోటునూ తిండినీ ఆక్రమించి కొత్తవాటికి దక్కనివ్వవు. కొన్ని ఆమ్లాలనూ ప్రతిక్రిమి పదార్థాలనూ వదులుతాయి. కొన్ని మేత అరగడానికి కావలసిన ఎంజైములు అందిస్తాయి. రొయ్య రోగనిరోధక కణాలు ఏమరుపాటు లేకుండా ఉండటంలోనూ వీటి పాత్ర ఉంది.

> ఎవరున్నారో ఎలా తెలుస్తుంది?
> పాత పద్ధతిలో పేగును నూరి, ఆ ద్రవాన్ని పోషకాలున్న ప్లేటు మీద రాసి, ఏ కాలనీలు మొలుస్తాయో చూసేవారు. ప్లేటు మీద పెరగడానికి ఒప్పుకునే బాక్టీరియా మాత్రమే అలా దొరుకుతుంది, ఒప్పుకోనివే చాలా ఎక్కువ. ఇప్పుడు పేగులోని డీఎన్ఏ మొత్తాన్ని ఒకేసారి బయటికి తీస్తారు. ప్రతి బాక్టీరియాలోనూ తప్పనిసరిగా ఉండే ఒక జన్యువును మాత్రమే అందులోంచి చదువుతారు. ఆ జన్యువు కొన్ని చోట్ల జాతికో రకంగా ఉంటుంది. ఆ తేడాలను బట్టి ఏ రకాలున్నాయి, ఏది ఎంత వంతు ఉంది అన్నది లెక్కకడతారు. చచ్చిన బాక్టీరియా డీఎన్ఏ కూడా ఈ లెక్కలో కలుస్తుంది. ఈ పద్ధతికి ఉన్న లోపం అది.

మడ అడవిలో ఒక బాల్యం, ట్యాంకులో ఒక బాల్యం

టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన నాప్లియస్ ఏమీ తినదు, సొన మీదే బతుకుతుంది. తర్వాతి దశ అయిన జోయియాలో నోరు పనిచేయడం మొదలవుతుంది. అప్పటి నుంచి నీళ్లలోని సన్నటి నాచును మింగుతూ, దాంతో పాటు సముద్రంలోని వేల రకాల బాక్టీరియాను పేగులోకి ఆహ్వానిస్తుంది. పోస్ట్‌లార్వా అయ్యాక ఆటుపోట్లతో పాటు కయ్యల్లోకి, మడ అడవుల్లోకి చేరుతుంది. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట కోరింగ మడ అలాంటిదే. అక్కడ కుళ్లుతున్న ఆకు, ఆకు మీది జిగురు పొర, ఆ పొరలోని పురుగు, పురుగు మీది బాక్టీరియా అన్నీ ఆహారమే. రోజుకో తిండి, పూటకో ఉప్పదనం. పెద్దదయ్యాక తిరిగి సముద్రానికి పోతుంది.

హేచరీ పిల్ల బతుకు వేరు. నీటిని వడకట్టి, క్లోరిన్‌తోనో అతినీలలోహిత కాంతితోనో శుభ్రం చేస్తారు. గుడ్లనూ నాప్లియస్‌లనూ కడుగుతారు. తిండి ఒకటి రెండు రకాల నాచు, ఆ పైన ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి ప్రాణి. దానిలోనే ఒక ఇబ్బంది ఉంది. ఆర్టీమియా గుడ్డు పగిలేటప్పుడు గ్లిసరాల్ బయటికొస్తుంది. పొదిగే తొట్టెలో విబ్రియో అనే బాక్టీరియాకు అది విందు. అవి అక్కడ విపరీతంగా పెరిగి, పిల్ల రొయ్యకు తొలి మాంసాహారంతో పాటు తొలి అతిథులుగా పేగులో దిగుతాయి. మంచి హేచరీలు ఆర్టీమియాను కడిగి శుద్ధి చేశాకే వాడతాయి. అన్నీ మంచి హేచరీలే కావు.

వనామీ సంగతి మరీ విచిత్రం. దాని సొంత ఊరు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 2009లో మన దేశంలో దాని పెంపకానికి అనుమతి వచ్చాక టైగర్‌ను దాదాపు పక్కకు నెట్టేసింది. తల్లి రొయ్యలు విదేశీ కేంద్రాల్లో తరతరాలుగా మూసిన షెడ్లలో పెరిగి, విమానంలో చెన్నై చేరి, క్వారంటైన్ దాటి, మన హేచరీలకు వస్తాయి. ఏ సముద్రపు బాక్టీరియాతో కలిసి ఈ జాతి రూపుదిద్దుకుందో ఆ సముద్రం భూగోళానికి అవతలి వైపున ఉంది. మన చెరువులో దాని పేగు నింపుకోవాల్సింది మన కాలువ నీటితోనూ బోరు నీటితోనూ అడుగు బురదతోనూ.

ఎస్పీఎఫ్ సీడ్ అనగానే రోగం రాని సీడ్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. జాబితాలో పేర్కొన్న కొన్ని వ్యాధికారకాలు లేవని మాత్రమే ఆ మాటకు అర్థం. చెరువులో ఆ వ్యాధులను తట్టుకుంటుందనీ కాదు, పేగులో మంచి బాక్టీరియా ఉందనీ కాదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

2014లో థాయ్‌లాండ్‌లోని బయోటెక్ సంస్థకు చెందిన వనిలడ రుంగ్రస్సమీ బృందం సముద్రంలో పట్టిన టైగర్ తల్లి రొయ్యల పేగులనూ, తరాలుగా పెంపకంలో ఉన్న టైగర్ తల్లి రొయ్యల పేగులనూ పోల్చింది. విబ్రియో, ఫోటోబాక్టీరియం, సూడోమోనాస్ లాంటి కొన్ని రకాలు రెండింటిలోనూ ఉన్నాయి. ఎక్కడ పెరిగినా రొయ్య పేగు తనకు కావలసిన కొన్నింటిని ఏరుకుంటుందన్నమాట. వంతుల్లో మాత్రం తేడా వచ్చింది. సముద్రపు రొయ్యల్లో పైచేయి ఫోటోబాక్టీరియానిది, పెంపకపు రొయ్యల్లో విబ్రియోది.

విబ్రియో పేరు వినగానే ఉలిక్కిపడనక్కర్లేదు. ఉప్పునీళ్లు ఉన్నచోట విబ్రియో ఉంటుంది. అందులో హాని చేయని రకాలు బోలెడు. సముద్రంలోని రొయ్యలో కూడా అది ఇంటి మనిషే. ఇబ్బందల్లా పెత్తనం దాని చేతికి పోయినప్పుడు.

2017లో మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయం పరిశోధకులు వనామీ మీద, దాని సొంత గడ్డ మీద, ఇదే పని చేశారు. సముద్రపు వనామీలోనూ చెరువు వనామీలోనూ బాక్టీరియా సముదాయాలు వేరువేరుగా ఉన్నాయి. పేగులో ఉన్నవీ హెపటోపాంక్రియాస్‌లో ఉన్నవీ వేరు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి: పెంపకపు రొయ్యల పేగులో బాక్టీరియా వైవిధ్యం, చెరువు అడుగు మట్టిలోని వైవిధ్యం దగ్గరదగ్గరగా ఉన్నాయి. రొయ్య అడుగునే పాకుతుంది, అడుగునే ఏరుకు తింటుంది. తన పెంటనూ విడిచిన పెంకునూ చచ్చిన తోటి రొయ్యనూ కూడా వదలదు. అడుగున ఉన్నదే పేగులోకి వస్తుంది.

అడుగున ఉండేదేమిటి? కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వనామీకి అనుమతించిన గరిష్ఠ సాంద్రత చదరపు మీటరుకు 60 పిల్లలు. ఎకరాకు 2 లక్షల 40 వేలు దాటుతుంది. వాటికి వేసే మేతలోని నత్రజనిలో సుమారు పావు వంతే రొయ్య ఒంటికి పడుతుంది. మిగిలిన ముప్పావు నీళ్లలో, అడుగు నల్ల బురదలో చేరుతుంది. అందులో పెంకులూ పడతాయి. పెంకును అరిగించుకునే శక్తి విబ్రియోకు బాగా ఉంది. చదరపు మీటరులో ఇన్ని ప్రాణులు ఇంత తిండితో ఉండటం సముద్రంలో ఏ రొయ్యకూ అనుభవం లేని సంగతి.

ఇదంతా చదివి సముద్రపు రొయ్య పేగంటే అమృతభాండమని అనుకోవద్దు. 1990ల్లో వైట్‌స్పాట్ వైరస్ మన టైగర్ చెరువులను ఊడ్చిపెట్టినప్పుడు, సముద్రం నుంచి పట్టి తెచ్చిన తల్లి రొయ్యలు కూడా ఆ వైరస్‌ను మోసుకొచ్చాయి. సముద్రం నుంచి నేర్చుకోవాల్సింది బాక్టీరియా పేర్ల జాబితాను కాదు, ఏ ఒక్కటీ పెత్తనం చేయలేని ఆ రద్దీని.

ఖాళీ నేల మీద ముందు మొలిచేది

ఇక అసలు విషయం. సీడ్ వదిలే ముందు చెరువులో బ్లీచింగ్ కొడతాం. పీతల ద్వారా, చిన్న రొయ్యల ద్వారా వచ్చే వైట్‌స్పాట్‌ను ఆపడానికి అది తప్పదు, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ క్లోరిన్‌కు మంచీ చెడూ తెలియవు. అన్నిటినీ ఒకే చేత్తో చంపుతుంది. చచ్చినవన్నీ కుళ్లి పోషకాలుగా నీళ్లలోనే మిగులుతాయి. రెండు మూడు రోజుల్లో క్లోరిన్ ఎగిరిపోతుంది. అప్పుడు చెరువులో తిండి పుష్కలం, తినేవాళ్లు లేరు.

బాగా దున్ని, నీళ్లు పెట్టి, నాటకుండా వదిలేసిన వరి చేలో ముందు ఏం మొలుస్తుందో రైతుకు చెప్పక్కర్లేదు. ఊద మొలుస్తుంది. మడి నిండా వరి కుదురుకున్నాక అదే ఊద గింజకు చోటు దొరకదు. విబ్రియో చెరువుకు ఊద. విబ్రియో కుటుంబంలోని నాట్రిజెన్స్ అనే రకం అనుకూలించిన చోట 10 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. మనకు తెలిసిన బాక్టీరియాలో అంత వేగం మరొకదానికి లేదు. మిగతా విబ్రియోలు దానంత కాకపోయినా పరుగు పందెగాళ్లే. నిదానంగా పెరిగేవి, ఉన్న కొద్ది తిండితో సర్దుకుపోయేవి తిరిగి నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. సరిగ్గా ఆ ఖాళీలోనే మనం సీడ్ వదులుతాం, మేత మొదలుపెడతాం.

2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ డి ష్రైవర్, టామ్ డిఫోర్ట్, ప్యాట్రిక్ సోర్జెలూస్ ఈ వాదనను గట్టిగా ముందుకు తెచ్చారు. సీడ్ వదిలిన నెలకే చెరువును ఖాళీ చేస్తూ అప్పటికి ఆసియాను వణికిస్తున్న ఈఎంఎస్ జబ్బు వెనక, చెరువును శుద్ధి చేశాక సూక్ష్మజీవుల్ని పట్టించుకోకపోవడం కూడా ఉండొచ్చని వాళ్లన్నారు. శుద్ధి చేసిన నీటిని కొంతకాలం ‘ముదరనివ్వడం’, నిదానంగా పెరిగే బాక్టీరియా నిండాకే పిల్లలను వదలడం వాళ్లు సూచించిన దారి. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో దగ్గర సీఫ్‌డెక్ కేంద్రం శాస్త్రవేత్తలు ఇలాంటిదే మరో తోవలో పరీక్షించారు. తిలాపియా చేపలు పెంచుతున్న చెరువులోని పచ్చటి నీటిని రొయ్యలకు వాడితే, వెలుగు చిమ్మే విబ్రియో తగ్గింది.

> రాత్రి వెలిగే నీళ్లు
> ‘విబ్రియో హార్వేయి’ గుంపుగా చేరినప్పుడు చీకట్లో నీలి వెలుగు చిమ్ముతుంది. హేచరీ ట్యాంకులు రాత్రిపూట అలా మెరిస్తే పిల్లలకు ముప్పు వచ్చినట్టే. విడిగా ఉన్న బాక్టీరియా వెలగదు. ప్రతిదీ కొన్ని రసాయన అణువులను నీళ్లలోకి వదులుతుంది. గుంపు పెరిగేకొద్దీ ఆ అణువుల సాంద్రత పెరుగుతుంది, ఒక హద్దు దాటగానే అన్నీ ఒకేసారి వెలగడం మొదలుపెడతాయి. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బోనీ బాస్లర్ ఈ బాక్టీరియా మీదే పనిచేసి, ఆ సంకేత వ్యవస్థను విడమరిచారు. విబ్రియోలు రోగం కలిగించే గుణాల్లో కొన్నింటిని కూడా ఇలా తలలు లెక్కపెట్టుకున్నాకే బయటపెడతాయి. బాసిలస్ జాతిలోని కొన్ని రకాలు ఇలాంటి సంకేత అణువులను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తాయి.

నెల తిరగకుండానే

ఈఎంఎస్ 2009 ప్రాంతంలో చైనాలో మొదలై వియత్నాం, మలేషియా మీదుగా 2012కు థాయ్‌లాండ్ చేరింది, మరుసటేడు మెక్సికోలో తేలింది. సీడ్ వదిలిన నెల, నెలా అయిదు రోజుల్లోనే చెరువు ఖాళీ. కడుపూ పేగూ ఉత్తివి, హెపటోపాంక్రియాస్ పాలిపోయి కుంచించుకుపోయేది. థాయ్‌లాండ్ ఉత్పత్తి సగానికి పడిపోయింది. వైరస్ కోసం అందరూ వెతుకుతుంటే, 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్‌నర్ బృందం దోషిని పట్టుకుంది: ‘విబ్రియో పారాహీమోలిటికస్’.

ఈ విబ్రియో కొత్తది కాదు. కొత్తదల్లా దాని లోపల చేరిన ఒక చిన్న డీఎన్ఏ వలయం. రెండు ప్రొటీన్లతో కూడిన విషాన్ని తయారుచేసే జన్యువులు అందులో ఉన్నాయి. పురుగులను చంపే వేరే బాక్టీరియాలో ఉన్న విషానికి ఇది చుట్టం. బాక్టీరియా రొయ్య కడుపులో తిష్ఠ వేస్తుంది, విషం హెపటోపాంక్రియాస్‌కు చేరి అక్కడి కణాలను ఊడగొడుతుంది. ఆ డీఎన్ఏ వలయం ఒక విబ్రియో నుంచి మరొకదానికి చేరగలదు. హార్వేయి, ఒవెన్సీ లాంటి విబ్రియోల్లోనూ అది బయటపడింది. గుంపులో విబ్రియోల వంతు ఎంత పెరిగితే ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు అంత వీలు.

తెల్ల పెంట తేల్చిన సంగతి

మన రైతులను ఇప్పుడు ఎక్కువ సతాయిస్తున్నది వైట్ గట్, తెల్ల పెంట. చాలామంది దీన్ని నేరుగా ఈహెచ్‌పీ ఖాతాలో వేస్తారు. ఈహెచ్‌పీ బాక్టీరియా కాదు, బూజు జాతికి దగ్గరి సూక్ష్మజీవి. థాయ్‌లాండ్ టైగర్ రొయ్యల్లో కనిపించగా 2009లో దానికి పేరు పెట్టారు. హెపటోపాంక్రియాస్ కణాల్లో చేరి ఎదుగుదలను ఆపేస్తుంది. కానీ ఈహెచ్‌పీ ఉన్న ప్రతి చెరువులోనూ తెల్ల పెంట రాదు.

2020లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉన్న సన్ యట్-సేన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ముడిని వేరేగా విప్పారు. తెల్ల పెంట వేస్తున్న రొయ్యల పేగుల్లో బాక్టీరియా రకాలు తగ్గిపోయి, ఒకటి రెండు రకాలు విరగబడి ఉండటం గమనించారు. ఆ పేగుల్లోని బాక్టీరియాను తీసి ఆరోగ్యంగా ఉన్న రొయ్యలకు ఎక్కించారు. వాటికీ తెల్ల పెంట వచ్చింది. ఒక ఫలానా క్రిమి వచ్చి పడటం వల్లే కాకుండా, పేగులోని సముదాయం మొత్తంగా చెదిరినా జబ్బు రావచ్చునని దీంతో తేలింది. అంతకుముందే నింగ్బో విశ్వవిద్యాలయంలో షియోంగ్ జిన్‌బో బృందం, జబ్బు ముదిరేకొద్దీ పేగు బాక్టీరియా కూర్పు కూడా దానికి తగ్గట్టు మారుతోందని చూపించింది.

మొదట్లో చెప్పిన రెండు చెరువుల దగ్గరికి వద్దాం. అడుగు మట్టిలో తేడా, బ్లీచింగ్ తర్వాత ఆగిన రోజుల్లో తేడా, మొదటి పది రోజులు వేసిన మేత మోతాదులో తేడా. వీటిలో ఏ ఒక్కటైనా పేగులో ముందుగా ఎవరు స్థిరపడతారన్నది మార్చేస్తుంది. చూడ్డానికి రెండూ ఒకే చెరువులు, లోపల కావు.

డబ్బాలో ఎంత, చెరువులో ఎంత

అయితే మంచి బాక్టీరియా పోస్తే సరిపోతుంది కదా? ఆక్వా షాపు అలమర నిండా ప్రోబయోటిక్కులే. ఒక లెక్క వేద్దాం. ఎకరా చెరువు, 1.2 మీటర్ల లోతు అంటే సుమారు 48 లక్షల లీటర్ల నీళ్లు. డబ్బా మీద గ్రాముకు 100 కోట్ల బాక్టీరియా అని ఉందనుకుందాం, అన్నీ బతికే ఉన్నాయనీ అనుకుందాం. కిలో పోస్తే నీళ్లలో మిల్లీలీటరుకు వచ్చేవి 200 పైచిలుకు. మామూలు సముద్రపు నీటిలోనే మిల్లీలీటరుకు 10 లక్షల దాకా బాక్టీరియా ఉంటుంది, మేత పడే చెరువులో ఇంకా ఎక్కువ. పది లక్షల మందిలో రెండు వందల మంది చేసేదేముంది?

అదే డబ్బాలోంచి 5 గ్రాములు తీసి కిలో మేతకు జిగురుతో పట్టిస్తే, గ్రాము మేతకు 50 లక్షలు చేరతాయి, నేరుగా పేగులోకి పోతాయి. ఖర్చులో ఎంతో ఆదా, ఫలితం కనిపించే అవకాశం ఎంతో ఎక్కువ. రైతులు తవుడు, బెల్లం, ఈస్టు కలిపి ఒకటి రెండు రోజులు పులియబెట్టి పోసే ‘జ్యూస్’ వెనక కూడా ఇదే తర్కం ఉంది: పోసే ముందే సంఖ్యను పెంచుకోవడం. డ్రమ్ము శుభ్రంగా లేకపోతే, కాలువ నీళ్లతోనే కలిపితే, పెరిగేది మనం కోరుకున్నదే అన్న భరోసా లేదు.

మరో ముచ్చట చెప్పాలి. ఎక్కువగా అమ్మే బాసిలస్ రకాలు మట్టి నుంచి వచ్చినవి. వాటికి గట్టి స్పోర్లుంటాయి కాబట్టి డబ్బాలో నెలలు నిలుస్తాయి, అందుకే కంపెనీలకు ఇష్టం. రొయ్య పేగులో అవి శాశ్వతంగా కాపురం పెట్టవు. మేతలో ఆపేస్తే కొన్నాళ్లకే తగ్గిపోతాయి. ఒకసారి పోసి ఊరుకునేది కాదిది.

బెల్లానికి ఇంకో పని ఉంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరాం అవ్నిమెలెక్ 1999లో చూపిన సూత్రం ప్రకారం, నీళ్లలో నత్రజని ఎక్కువై కార్బన్ తక్కువైనప్పుడు తీపి పదార్థం కలిపితే, బాక్టీరియా అమ్మోనియాను తినేసి తమ ఒంట్లో ప్రొటీన్‌గా మార్చుకుంటుంది. బయోఫ్లాక్ అనే పెంపకం పద్ధతి దీని మీదే నడుస్తుంది. ఆ పనిలో బాక్టీరియా ఆక్సిజన్‌ను కూడా ఖాళీ చేస్తుంది. తగినన్ని ఏరేటర్లు లేని చెరువులో బెల్లం జోరు పెంచడం ప్రమాదం.

ల్యాబ్ ప్లేటు గురించి ఒక మాట. చెరువు నీళ్లు ఇస్తే ల్యాబులో ఆకుపచ్చ ప్లేటు మీద రాసి, మర్నాడు ఎన్ని కాలనీలు వచ్చాయో చెబుతారు. పసుపు కాలనీలైతే ఫరవాలేదు, ఆకుపచ్చవైతే ప్రమాదం అన్న మాట గట్ల మీద ఒక నమ్మకంగా స్థిరపడింది. ఆ రంగు చెప్పేది ఆ విబ్రియో పంచదారను పులియబెట్టగలదా లేదా అన్నది మాత్రమే. పారాహీమోలిటికస్ ఆకుపచ్చగా వస్తుంది, నిజమే. ఆల్జినోలిటికస్ పసుపుగా వస్తుంది, అదీ రొయ్యను చంపగలదు. పైగా ఆ ప్లేటు తయారైందే విబ్రియోల కోసం. మిగతా సముదాయం ఉందో పోయిందో అది చెప్పదు. ప్లేటు మీద సంఖ్య ఒక్కసారి చూసి భయపడటం కన్నా, వారం వారం రాసిపెట్టుకుని పోల్చుకోవడం మేలు.

యాంటీబయాటిక్కుల సంగతి వేరే చెప్పాలా? మేతలో కలిపితే పేగులో ఉన్న కొద్దిపాటి సముదాయం కూడా పోతుంది. మళ్లీ ఖాళీ నేల, మళ్లీ ఊద. ఆ పైన ఎగుమతి దెబ్బ. అవశేషాలు పదే పదే దొరకడంతో యూరోపియన్ యూనియన్ 2016లో మన పెంపకపు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది.

> మన పళ్లెంలోని రొయ్య మాటేమిటి?
> పారాహీమోలిటికస్‌లో మనుషులకు వాంతులు, విరేచనాలు తెప్పించే రకాలు వేరే ఉన్నాయి. 1950లో జపాన్‌లోని ఒసాకాలో ఆహారం విషమై చాలామంది జబ్బుపడ్డప్పుడు ఫుజినో అనే శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టారు. రొయ్యను చంపే రకాల్లో మనిషికి హానిచేసే ఆ జన్యువులు సాధారణంగా ఉండవు. ఏ విబ్రియో అయినా బాగా ఉడికిస్తే చస్తుంది. పచ్చి రొయ్యలు కడిగిన గిన్నెలో, కోసిన బల్ల మీద కూర ముక్కలు పెట్టకండి. నల్ల గీత తీసేయడం ఇసుక పళ్లకు తగలకుండా ఉండటానికీ, రుచికీ మంచిది.

ఇక రైతులకు చెప్పేది ఇంతే. బ్లీచింగ్ కొట్టాక తొందరపడి సీడ్ వదలకండి, నీళ్లు రంగు పట్టి కుదురుకునే దాకా ఆగండి. పట్టుబడి అయ్యాక అడుగు నల్ల బురద తీసి, బాగా ఎండబెట్టకుండా రెండో పంటకు దిగకండి. సీడ్ కొనేటప్పుడు పీసీఆర్ రిపోర్టు అడుగుతున్నారు కదా, ప్రోబయోటిక్ కొనేటప్పుడు కూడా మూడు సంగతులు అడగండి: లోపల ఉన్న బాక్టీరియా పేరేమిటి, గ్రాముకు బతికున్నవి ఎన్ని, యాంటీబయాటిక్ కలవలేదన్న ధ్రువీకరణ ఉందా. ఈ మూడూ చెప్పలేని డబ్బాకు డబ్బు పెట్టకండి.